చెప్పినవారి గడి

గద్వాల పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఆ విత్తనాల కంపెనీ ఆఫీసులో ఇరవై ఏళ్లలో తొమ్మిది మంది మేనేజర్లు మారారు. బయటి బోర్డు మూడుసార్లు మారింది. కుర్చీలు, ఫ్యాన్లు, చాయ్ తెచ్చే హోటలు కూడా మారాయి. మారనివి రెండే రెండు. ఒకటి పసుపు మెయిల్. రెండోది దాన్ని నడిపే సమీనా.

పసుపు మెయిల్ అన్నది దాని అసలు పేరు కాదు. అసలు పేరు ఆఫీసులో ఎవరి నోటికీ పట్టలేదు. కంప్యూటర్ తెరిస్తే ఒక మూలన పసుపుపచ్చ చదరం కనబడేది, దాన్ని నొక్కితే తెరుచుకునేది, అందుకని పసుపు మెయిల్ అయింది. ఉత్తరాలు పంపుకోవడానికీ, చేన్ల రిపోర్టులు దాచుకోవడానికీ, ఎవరు ఏ రోజు సెలవు పెట్టారో చూసుకోవడానికీ అన్నిటికీ అదే దిక్కు. 2004లో సమీనా ఉద్యోగంలో చేరిన నెలలోనే దాన్ని ఎక్కించారు. ఎక్కించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి అప్పుడే నవ్వాడు, అమెరికాలో దీనికి ముసలితనం వచ్చేసింది, మీకేమో ఇప్పుడు పెళ్లి చేస్తున్నాం అని. దాన్ని పుట్టించిన కంపెనీని అక్కడ ఒక పెద్ద కంపెనీ మింగింది. ఆ పెద్ద కంపెనీ ఇరవై ఏళ్లకు పైగా ఏలి, ఇక మన వల్ల కాదనుకుని మన దేశపు కంపెనీ ఒకదానికి అమ్మేసింది. తెరవగానే కనబడే పేరు మారింది, బొమ్మ మారింది. సమీనాకు మాత్రం ఏ తేడా తెలియలేదు. ప్రపంచం మెయిళ్లన్నీ ఫోన్లలోకి పోయినా గద్వాలలో అది నడుస్తూనే ఉంది, ఎందుకంటే దాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

దానికి ఒక గొప్ప గుణం ఉండేది. నెట్ లేకపోయినా నడిచేది. ప్రతి కంప్యూటర్‌లోనూ మొత్తం కాగితాల నకలు ఒకటి కూర్చుని ఉండేది. పైన రెండు గుండ్రటి బాణాల బొమ్మ ఉండేది, దాన్ని నొక్కితే ఇక్కడి నకలూ హైదరాబాద్‌లోని పెద్ద మిషన్‌లో ఉన్న అసలూ ఒకదాన్నొకటి చూసుకుని సమానమయ్యేవి. ఇక్కడ కొత్తగా రాసింది అక్కడికి పోతుంది. అక్కడ చెరిపింది ఇక్కడా చెరిగిపోతుంది. దీన్ని సమీనా కలపడం అనేది. పొద్దున రాగానే ఒకసారి కలపాలి, రిపోర్టు ఎక్కించిన ప్రతిసారీ కలపాలి. ఇరవై ఏళ్లు కలిపీ కలిపీ ఆ బాణాల మీదికి చెయ్యి దానంతటదే పోయేది, కళ్లతో పని లేదు.

అందులో ఒక దరిద్రం కూడా ఉంది. మనిషికొక పేరు కావాలి, పేరుకొక లైసెన్సు కావాలి. కంపెనీ గద్వాలకు ఇచ్చింది రెండు పేర్లే, మేనేజర్‌కు ఒకటి, సమీనాకు ఒకటి. వనపర్తి గోడౌన్‌లో ఒక ల్యాప్‌టాప్ ఉండేది, అది కూడా సమీనా పేరుతోనే తెరుచుకునేది. మరి ఎండనక వాననక చేన్ల వెంట తిరిగే పదకొండు మంది ఫీల్డ్ మనుషులు రిపోర్టు ఎట్లా పంపాలి? ఎట్లా అంటే ఏముంది, సమీనాకు ఫోన్ చేసేవాళ్లు. ఆమె ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే కొట్టేది. వాళ్లు "చూసిన" అంటే ఆమె "చూశాను" అని కొట్టేది. పంపినవారి పేరు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే పేరు, సమీనా.

ఇది తప్పని ఆమెకు మొదటి నెలలోనే అనిపించింది. సమీనా తండ్రి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని దస్తావేజులు రాసేవాడు. ప్రతి కాగితం చివర "దస్తూరి", అంటే ఈ చేతిరాత నాది, అని పెట్టి తన పేరు రాసేవాడు. మాట ఒకరిది, రాత ఒకరిది, రెండూ తెలియాలి, లేకపోతే రేపు కాగితం అబద్ధమాడుతుంది అని ఆయన చెప్పేవాడు. పసుపు మెయిల్‌లో రాసినవాళ్ల పేరు దానంతటదే పడుతోంది, చెప్పినవాళ్ల పేరే పడటం లేదు. అందుకని ఆమె హైదరాబాద్ మనిషిని బతిమాలి, రిపోర్టు అడుగున ఖాళీగా పడివున్న ఒక గడికి "చెప్పినవారు" అని పేరు పెట్టించుకుంది. ఆ రోజు నుంచి ప్రతి రిపోర్టు కిందా చెప్పిన మనిషి పేరు, ఊరు అక్కడ కొట్టేది. ఒక్క రోజు కూడా మరవలేదు. ఆ ఆఫీసులో ఆమె సొంతంగా చేసిన పని అదొక్కటే. అది తనది అన్న గర్వం ఆమెకు ఉండేది.

ఆ పదకొండు మందిలో కోడేరు మనిషి నర్సింహులు. నలభై దాటాయి, పదో తరగతి దాకా చదివాడు. ఊళ్లో ఎవరికి పింఛను దరఖాస్తు కావాలన్నా, కరెంటు స్తంభానికి అర్జీ కావాలన్నా ఆయనే రాసేవాడు. ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. ఒకసారి గద్వాల మీటింగుకు వచ్చినప్పుడు సమీనా బల్ల పక్కన నిలబడి ఆటపట్టించాడు, "నేను మా ఊరోల్లకు రాస్త, నువ్వు నాకు రాస్తవు. మరి నీకెవరు రాస్తరు సమీనక్క?" అని. ఆఫీసంతా నవ్వింది.

పోయిన ఏడాది ఆగస్టు మొదటి వారంలో ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు.

సీడు పత్తి పని తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పాలి. చేనులో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. సాయంత్రం ఆడ మొగ్గల పొట్టు గోటితో ఒలిచి పెడతారు, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దుతారు, దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క మొగ్గకు ఇట్లా చెయ్యాలి. రెండు నెలలు ఇంటిల్లిపాదీ నడుములు విరిగేలా చేస్తే విత్తనం తయారవుతుంది. ఆ మగ విత్తనం కంపెనీ ఇచ్చిందే. అందులోనే కల్తీ ఉంటే ఆ రెండు నెలల చాకిరీ గంగలో కలిసినట్టే.

"అక్కా, జర పైలంగ రాయి," అన్నాడు నర్సింహులు. "మగ మొక్కలల్ల తేడా ఉన్నది. ఒక మొక్కకు పువ్వు తెల్లగ పూస్తుంది, పక్క మొక్కకు పసుపుపచ్చగ పూస్తుంది. విత్తనం కలిసిపోయింది. క్రాసింగ్ ఆపమని రాయి. ఇప్పుడాపితే రైతులు మామూలు పత్తి అన్న తీసుకుంటరు."

ఆమె ఒక్క ముక్క పొల్లుపోకుండా కొట్టింది. అడుగున గడిలో "నర్సింహులు, కోడేరు" అని పెట్టింది. "పంపినవా అక్కా?" అని ఆయన ఎప్పటిలాగే అడిగాడు. ఆమె బాణాలు నొక్కి "పంపిన తమ్మీ" అంది.

మేనేజర్ రాకేష్ మెయిల్‌కు మెయిల్ ఇవ్వలేదు. తెలివైనవాడు, అట్లాంటివాటికి ఎప్పుడూ నోటితోనే జవాబు చెప్పేవాడు. ఆపాలో వద్దో హైదరాబాద్ చెబుతుంది, వాళ్ల పని వాళ్లను చేసుకోమను అని సమీనాతో అని పోయాడు. ఆమె ఆ మాటనే నర్సింహులుకు చేరవేసింది. ఆయన రైతులకు ఏమీ చెప్పలేదు. హైదరాబాద్ నుంచి ఎవరో వస్తారు, చూస్తారు, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. ఎవరూ రాలేదు. కోడేరులో క్రాసింగ్ సాగిపోయింది.

డిసెంబరులో పసుపు మెయిల్‌కు చావు ఖాయమైంది. కంపెనీ కొత్త మెయిల్ తీసుకుంది, ఫోన్‌లో కూడా తెరుచుకునేది. పాత కాగితాలన్నీ అందులోకి తోలడానికి హైదరాబాద్ ఆఫీసులో సింధూజ అనే అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి సమీనాకు నలభై గడుల జాబితా పంపింది. ఏది కావాలో ఏది వద్దో టిక్కు పెట్టమంది. వద్దన్న గడులను ముందు పాత మిషన్‌లోనే ఖాళీ చేస్తాం మేడం, ఆ తర్వాతే అటు తోలుతాం, బరువు తగ్గుతుంది అని ఫోన్‌లో వివరంగానే చెప్పింది. ఆ అమ్మాయిని అనడానికి ఏమీ లేదు.

అదే వారం గోడ మీద ఒక నోటీసు అంటించారు. ఒకరి పేరుతో ఇంకొకరు మెయిల్ పంపినట్టు తేలితే ఉద్యోగం నుంచి తీసేస్తామని.

సమీనాది ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం. భర్త లేడు. కూతురు ఫరా మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. "చెప్పినవారు" అన్న గడి ముందు ఆమె మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆ గడి అంటే ఏమిటి? ఇరవై ఏళ్లు ప్రతిరోజూ పక్కవాళ్ల మాట తన పేరుతో పంపానని తనే దగ్గరుండి రాసి పెట్టుకున్న సాక్ష్యం. నిన్నటిదాకా గర్వంగా ఉన్న గడి ఆ నోటీసు పడ్డాక ఉరితాడులా కనబడింది. అన్నం డబ్బా తెరవకుండానే "వద్దు" దగ్గర టిక్కు పెట్టింది. పోనీ ఎవరినైనా ఒక మాట అడిగిందా అంటే అడగలేదు. భయపడ్డ మనిషికి అడగాలని తోచదు.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. కోడేరు విత్తనం నాణ్యత పరీక్షలో తప్పింది. నలభై మంది రైతుల బస్తాలు వెనక్కి వచ్చాయి. అవి విత్తనానికి పనికిరావు, గింజ తీశాక మిగిలిన దూది ఎప్పుడో అమ్ముడుపోయింది. రాకేష్ రెండే మాటలు అన్నాడు. మగ విత్తనం మంచిదే, రైతులే సరిగ్గా అద్దలేదు. తేడా ఉంటే ఫీల్డ్ మనిషి చెప్పాలి, నర్సింహులు చెప్పలేదు. నర్సింహులును పనిలోంచి ఆపేశారు.

కంపెనీ ఆపేస్తే ఆపేసింది, ఊరు కూడా ఆయన్ను పట్టుకుంది. చేను చూసి కూడా మాకు చెప్పలేదు, ఎవరికి అమ్ముడుపోయినవు అని నిలదీసింది. కంపెనీకి చెప్పిన, వాళ్లే నడవనియ్యమన్నరు అని ఆయన మొత్తుకున్నాడు. అయితే కాయితం తెమ్మన్నారు. పోలీసు స్టేషన్‌లో ఇవ్వడానికి పిటిషన్ తయారైంది. రాసేవాడు ఇంకెవడు, ఊళ్లో చేతిరాత ఉన్నవాడు ఆయనే, ఆయన చేతనే రాయించారు. మమ్మల్ని మోసం చేసినవారు అన్నచోట మాత్రం ఖాళీ వదిలారు. కాయితం తెస్తే అక్కడ కంపెనీ పేరు పడుతుంది. తేకపోతే నర్సింహులు పేరు పడుతుంది. సోమవారం దాకా గడువు.

గురువారం ఆయన గద్వాల వచ్చాడు. సమీనా కొత్త మెయిల్ తెరిచి ఆగస్టు ఉత్తరం వెతికి ప్రింట్ తీసి చేతిలో పెట్టింది. చేతిలో పెడుతున్నప్పుడే ఆమె చూసింది. అడుగున గడి లేదు. ఉంటుందా మరి? ఆయన మాత్రం తన మాటలు తనకు కనబడిన సంతోషంలో మిగతాది చూడనే లేదు, మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఆమె ఆపి చెప్పలేదు. మాటలు ఉన్నాయి కదా, సరిపోతుందేమో అని తనకు తనే చెప్పుకుంది.

శుక్రవారం పొద్దున్నే మళ్లీ వచ్చాడు. రాత్రంతా నిద్ర లేని ముఖం.

"ఇందుల నా పేరేది అక్కా?" అన్నాడు కాగితం బల్ల మీద పరిచి. "చూశాను అని ఉన్నది, ఎవలు చూసిండ్రు? సమీనా చూసిందంట. మా ఊరోల్లు నవ్విండ్రు. ఎవతో ఆఫీసుల కూసున్నామె కాయితం తెచ్చి నీదంటవా అన్నరు. నువ్వు ఎప్పుడూ కింద నా పేరు పెడుతుంటివి గదా?"

కొత్తదాంట్లోకి అది రాలేదు తమ్మీ అంది సమీనా. అబద్ధం కాదు, నిజమూ కాదు. టిక్కు పెట్టింది తనేనని చెప్పడానికి నోరు రాలేదు. రాకేష్ సార్‌కు చెబుదామా అంటే ఆ సార్‌కు కావలసింది ఆ పేరు లేకపోవడమే. అప్పుడు గుర్తొచ్చింది వనపర్తి ల్యాప్‌టాప్. సీజన్ అయిపోయాక అక్టోబరులో కట్టేసి బీరువాలో పెట్టారు, ఆ తర్వాత ఎవరూ ముట్టలేదు. గడి ఖాళీ చేసింది డిసెంబరులో. అంటే ఆ నకలులో నర్సింహులు పేరు ఇంకా బతికే ఉండాలి. పాత మిషన్‌ను ఈ నెలాఖరుదాకా చూడటానికి మాత్రం ఉంచారు, అయినా దానితో ఆమెకు పని లేదు. ఆమెకు కావలసింది దానితో కలవని నకలు.

నువ్వు ఊరికి పో, రేపు నేను కాయితం పట్టుకునే వస్త అని ఆయనకు ధైర్యం చెప్పి పంపింది.

శనివారం సెలవు పెట్టి వనపర్తి బస్సెక్కింది. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతుంటే కృష్ణలో నీళ్లు అడుగంటి రాళ్లు తేలి ఉన్నాయి. దారి పొడుగునా ఆమె ఒకటే లెక్క వేసుకుంది. పేరు దొరికితే ఊళ్లో నర్సింహులు బయటపడతాడు. అది బయటికొస్తే తన ఉద్యోగం పోతుంది. పెబ్బేరు దాటేసరికి ఏదో ఒకటి పోనీ అనుకుంది. ఇరవై ఏళ్లలో ఆమె అంత తెగించి అనుకున్నది అదే మొదటిసారి.

గోడౌన్ కాపలాదారు బాబా భాయ్ ముసలివాడు, సమీనాను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. ఉర్దూలో క్షేమసమాచారాలు అడిగాడు, ఫరా చదువు అడిగాడు, బీరువా తీసి ల్యాప్‌టాప్ మీది దుమ్ము తన తువ్వాలతో తుడిచాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది, కరెంటు పెడితే గానీ నడవదు. ఆయన కరెంటు పెట్టాడు. పక్కనే కెమెరాల కోసం బిగించిన నెట్ వైరు ఉంటే, ఎప్పుడూ పెట్టే అలవాటున అదీ పెట్టాడు. సమీనా చూసింది. తీసేయాలి అనుకుంది కూడా. అంతలో తెర వెలిగింది, పసుపు చదరం కనబడింది, పాత పాస్‌వర్డ్ అడిగింది. ఆమె కొట్టింది.

తెరుచుకుంది. ఆగస్టు. కోడేరు. మగ మొక్కల్లో తేడా ఉంది. అడుగున గడి. చెప్పినవారు: నర్సింహులు, కోడేరు.

ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడు చెయ్యవలసింది ఫోన్‌తో ఫోటో తియ్యడం. పసిపిల్లను అడిగినా చెబుతుంది. ఆమె కూడా అందుకే ఫోన్ తీసింది. సరిగ్గా అప్పుడే అది మోగింది. అవతల నర్సింహులు, పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడట, ఉండబట్టలేక చేశాడు. ఆమె ఎప్పటిలాగే ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టింది, చేతులు రెండూ ల్యాప్‌టాప్ మీదే ఉన్నాయి. దొరికింది తమ్మీ, నీ పేరు నా కండ్ల ముందటనే ఉన్నది అంది.  అవతల ఆయన ఎవరినో కేకేసి చెప్పాడు, భార్య అయివుండాలి. తిరిగి ఫోన్‌లోకి వచ్చాడు. గొంతు తేలికపడింది, అచ్చం పాత రోజుల్లో రిపోర్టు చెప్పి ముగించేటప్పటి గొంతు.

"అయితే పంపినవా అక్కా?"

"పంపిన తమ్మీ," అంది సమీనా.

అని, బాణాలు నొక్కింది.

నొక్కానని ఆమెకు వెంటనే తెలియలేదు. చెయ్యి చేసిన పని అది, బుర్రకు కబురు ఆలస్యంగా అందింది. తెర కింద చిన్న గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. బాబా భాయ్, వైరు పీకు అని అరిచింది. ముసలివాడు ఏ వైరో తెలియక కరెంటు వైరు పీకాడు. తెర నల్లబడింది. మళ్లీ పెట్టి, మళ్లీ తెరిచి, ఆగస్టుకు పోయి చూస్తే ఉత్తరం ఉంది. చెప్పినవారు అన్న మాట కూడా ఉంది. దాని పక్కన ఏమీ లేదు. జులై రిపోర్టు చూసింది, అక్కడా లేదు. అమరచింతది, ఆత్మకూరుది, పదేళ్ల కిందటిది, పదిహేనేళ్ల కిందటిది చూసింది. ఇరవై ఏళ్లుగా ఫోన్లు చేసిన మనుషులందరూ ఖాళీ అయిపోయారు. హైదరాబాద్‌లో చెరిపింది ఇక్కడా చెరిగింది, పసుపు మెయిల్ తన పని తాను బుద్ధిగా చేసింది.

తెర నల్లబడ్డప్పుడు ఫోన్ ఇంకా భుజం మీదే ఉంది. అవతల నర్సింహులు, ఇప్పుడే పెంటమ్మ వాళ్లకు చెప్పొస్త, అందరిని పంచాయతీ కాడికి పిలుస్త అంటున్నాడు.  సమీనా ఆగమనేలోపే ఆయన పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు, సంబరంలో ఉన్నాడు.

గద్వాల బస్సెక్కి ఇంటికి పోవచ్చు. ఎవరూ ఆపరు. ఆమె కోడేరు బస్సెక్కింది. దాన్ని ధైర్యమని అనుకోవద్దు. ఆయన ముందు నిలబడకుండా ఇంటికిపోయి అన్నం తినే ముఖం ఆమెకు లేదు, అంతే.

కోడేరులో దిగేసరికి నాలుగు దాటింది. పంచాయతీ ఆఫీసు వరండాలో ముప్పై మంది దాకా ఉన్నారు. బల్ల మీద పిటిషన్, దాని మీద గాలికి ఎగరకుండా రాయి. నర్సింహులు తలంటుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎదురొచ్చి ఆమె చేతుల వైపు చూశాడు. చేతుల్లో సంచి తప్ప ఏమీ లేదు. సంచి వైపు చూశాడు.

ఆమె ఆయన్ను పక్కకు పిలవలేదు. అందరి ముందే చెప్పింది. ఫోన్లు వచ్చేవని, తను కొట్టేదని, అడుగున గడి ఉండేదని, ఆగస్టులో ఈయన చెప్పిన ప్రతి మాట తనే రాసిందని. పొద్దున వనపర్తిలో ఆ పేరు తన కళ్లతో చూసిందని, తన చేతితోనే పోగొట్టిందని. అంతవరకు చెప్పి ఆగిపోవచ్చు. ఆగలేదు.

"అది అసలు పోయేదే గాదు," అంది. "డిసెంబర్ల నన్నడిగిండ్రు, ఈ గడి కావాల్నా వద్దా అని. నా నౌకరి పోతదని భయపడి నేనే వద్దన్న. తప్పు నాది. ఆయన చెప్పిండు, నేను చెరిపిన. మీ పిటిషన్ల నా పేరు రాయిండ్రి."

 నర్సింహులు ఆమెను చూస్తున్నాడు, కోపంగా కాదు, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు. ఆ చూపును ఆమె బతికినన్నాళ్లూ మరవదు.

పెంటమ్మ లేచింది. రెండెకరాలు కౌలుకు పట్టి సీడు పత్తి వేసిన మనిషి, రెండు నెలలు ఒక్కతే మొగ్గలు ఒలిచిన మనిషి. బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

"నీ పేరు రాసుకొని ఏం చేసుకుంటమమ్మా? నువ్వు మా చేను చూడలే, మాకు ఇత్తనం ఇయ్యలే. ఈ నర్సింహులు నోటిమాట మీద మేము ఇత్తనం ఏస్తిమి. ఒక్కలమన్న కాయితం అడిగితిమా? అడగలే, మునిగితిమి. ఇయ్యాల నీ నోటిమాట మీద ఈయనను ఇడిసిపెట్టుమంటున్నవు. మల్ల అదే తప్పు చెయ్యమంటవా?"

   ఆ ఊరు ఇంతకుముందు ఎవరి మాటనైనా నమ్మేది, ఇకమీదట కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మదు, ఆ పాఠం నేర్పింది కంపెనీ. దాని బరువు పడింది మాత్రం నర్సింహులు మీద. ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని, సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే కానిద్దాం అన్నాడు. కొందరు తల దించుకున్నారు. వద్దని అన్నవాళ్లు లేరు.

కలం ఎవరు పట్టాలన్న ప్రశ్నే రాలేదు. ఆ ఊళ్లో రాసేది ఆయనే. నర్సింహులు బల్ల ముందు కూర్చుని కాగితం మీది రాయి పక్కన పెట్టాడు. ఖాళీ చోట తన పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు వరసగా రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. ఒకసారి మొదటి నుంచి చదువుకుని తప్పులేమైనా ఉన్నాయేమో చూశాడు. ఒకచోట కామా పెట్టాడు. ఒక్కొక్కరినీ పిలిచి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు, పెంటమ్మ బొటనవేలికి తనే సిరా అద్దాడు.

అందరూ అయ్యాక కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. అడుగున కొంచెం జాగా మిగిలి ఉంది. సమీనా తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. ఆయన అలవాటు ప్రకారం అక్కడ "దస్తూరి" అని రాసి, దాని ఎదురుగా మళ్లీ తన పేరే రాశాడు.